నలభై క్వింటాళ్ల సోయా కాంటా మీదికి వచ్చేసరికి 36.80 ఎలా అయింది?

పెన్‌గంగ_ఒడ్డు (జైనథ్ మండలం, ఆదిలాబాద్) | నవంబరు 11, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. ఈ వానాకాలం అయిదెకరాల నల్లరేగడిలో జె.ఎస్. 335 రకం సోయా వేశాను. నూర్పిడి అయిన రోజే ఇంటి దగ్గరి కాంటా మీద 80 సంచులు, ఒక్కొక్కటి 50 కిలోల చొప్పున తూచి, మొత్తం 40 క్వింటాళ్లు అని పుస్తకంలో రాసుకున్నాను. పక్కింటి వారి తేమ మీటరు ఆ రోజు 16.5 చూపించింది. నాలుగు రోజులు టార్పాలిన్ల మీద ఎండబెట్టి, జల్లెడ పట్టించి, మా దగ్గరి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే అక్కడ తేమ 11.4 వచ్చింది, సరుకు తిరస్కరించలేదు, అంతా బాగానే జరిగింది. కానీ రసీదులో మాత్రం 36.80 క్వింటాళ్లు అని ఉంది.

అంటే 3 క్వింటాళ్ల 20 కిలోలు లేవు. తేమ 5.1 పాయింట్లు తగ్గింది కాబట్టి నూటికి 5.1 కిలోలు, అంటే 204 కిలోలు నీరు పోయిందనుకున్నా, ఇంకా 116 కిలోలు ఎక్కడికి పోయాయో అర్థం కావడం లేదు. ఈ ఏడాది (2025-26) మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు కాబట్టి ఇది ఆరు వేలు దాటిన మాట. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. లెక్క తెలిసిన వారు చెబితే, ఇంట్లో మిగిలి ఉన్న రెండో చేను సరుకు విషయంలోనైనా జాగ్రత్తపడతాను.

తూనికరాయి (నిజామాబాద్) | నవంబరు 11, రాత్రి 9:25

అన్నా, మీ 204 కిలోల దగ్గరే మొదటి పొరపాటు ఉంది. ఇది చాలామంది చేసేదే, నేనూ పదేళ్లు చేశాను. తేమ శాతం అంటే మొత్తం బరువులో నీటి వాటా. నీరు పోయినప్పుడు మొత్తం బరువు కూడా తగ్గుతుంది కాబట్టి శాతాల తేడాను నేరుగా కిలోలుగా మార్చకూడదు. గింజలోని పొడి పదార్థం మాత్రం ఎండలో ఎక్కడికీ పోదు, కాబట్టి లెక్కను దాని మీదే కట్టాలి.

మొదటి రోజు 16.5 తేమ అంటే నూటికి 83.5 కిలోలు పొడి పదార్థం. అమ్మిన రోజు 11.4 తేమ అంటే నూటికి 88.6. మీ 40 క్వింటాళ్లను 83.5తో గుణించి 88.6తో భాగిస్తే 37.70 వస్తుంది. అంటే నీటి రూపంలోనే 230 కిలోలు పోయింది, 204 కాదు. మీరు వెతుకుతున్న 116 కిలోలలో 26 కిలోలు ఇక్కడే దొరికాయి. ఇక వెతకవలసింది 90 కిలోలు.

12 శాతానికి ఎండబెట్టేటప్పుడు ఒక్కో పాయింటుకు నూటికి ఒక కిలో కాకుండా సుమారు 1.14 కిలోలు తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి రెండు పాయింట్లకు ఈ తేడా కనబడదు కానీ అయిదు పాయింట్లకు, నలభై క్వింటాళ్లకు సగం సంచి అవుతుంది.

భైంసా_కోడలు (నిర్మల్ జిల్లా) | నవంబరు 11, రాత్రి 10:05

అన్నయ్య గారూ, రెండు ప్రశ్నలు. మొదటి రోజు తూచినప్పుడు సంచి బరువు తీసేశారా? అప్పుడు జల్లెడ పట్టారా, లేక నూర్పిడి యంత్రం నుంచి వచ్చిన గింజను అలాగే నింపారా? మా ఇంట్లో ప్రతి ఏడాదీ ఈ రెండింటి దగ్గరే మా మామయ్య గారికీ నాకూ మాట పెరుగుతుంది. ఆయన యంత్రం దగ్గరి తూకాన్నే దిగుబడి అంటారు. అందులో పుల్లలు, విరిగిన కాయలు, పొట్టు, మట్టిబెడ్డలు ఉన్నాయి కదా, అది దిగుబడి ఎలా అవుతుందని నా వాదన.

పెన్‌గంగ_ఒడ్డు | నవంబరు 12, ఉదయం 6:30

అమ్మా, రెండూ చేయలేదు. యూరియా ఖాళీ సంచులలో నింపి అలాగే కాంటా మీద పెట్టాను. ఒక సంచి ఇప్పుడు తూచి చూస్తే దాదాపు 100 గ్రాములు ఉంది, అంటే 80 సంచులకు 8 కిలోలు. జల్లెడ కింద, పైన మిగిలిన చెత్తను ఒక మూలన పోసి ఉంచాను, దాన్ని కూడా ఇప్పుడే తూచాను, 34 కిలోలు వచ్చింది. అందులో సగానికి పైగా బద్దలు, ముడతలు పడిన పచ్చి గింజలే ఉన్నాయి. తొంభైలో నుంచి ఈ నలభై రెండు తీసేస్తే ఇంకా 48 కిలోలు మిగిలాయి.

ఓవెన్_లెక్క (హైదరాబాద్) | నవంబరు 12, ఉదయం 9:10

నేను గింజల నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాను. మిగిలిన 48 కిలోల జోలికి వెళ్లే ముందు, ఆ 16.5, 11.4 అనే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో చూడాలి. ఎందుకంటే 40 క్వింటాళ్ల మీద మీటరు అర పాయింటు తప్పు చూపినా లెక్కలో 22 కిలోలకు పైగా అటూ ఇటూ అవుతుంది.

చేతిలో పట్టుకునే మీటర్లు చాలావరకు గింజలో నీరు ఎంత ఉందో నేరుగా కొలవవు. గింజల మధ్య విద్యుత్ లక్షణం ఎలా మారిందో చూసి దాన్ని శాతంగా మార్చి చూపిస్తాయి. కాబట్టి మీటరులో సోయా అన్న పంటనే ఎంచుకున్నారా, గింజ వేడిగా ఉందా చల్లారిందా, గిన్నెను ఎంత ఒత్తుగా నింపారు అన్న ప్రతి విషయమూ అంకెను మారుస్తుంది. అసలు తేమను తేల్చేది ఓవెన్ పద్ధతి. 103 డిగ్రీల దగ్గర గింజను బరువు నిలకడగా నిలిచేదాకా ఎండబెట్టి, ముందు బరువులో నుంచి తర్వాతి బరువు తీసేస్తారు. అది కొనుగోలు కేంద్రంలో జరిగే పని కాదు.

ఎండలో నుంచి తీసిన వెంటనే కొలిస్తే ఇంకొక చిక్కు ఉంది. అప్పుడు గింజ పైపొర ఆరి ఉంటుంది, లోపల నీరు అలాగే ఉంటుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. రాత్రంతా కుప్పలో ఉంచితే లోపలి తేమ పైకి వచ్చి, తెల్లారి అదే గింజ అర పాయింటో, ఒక పాయింటో ఎక్కువ చూపవచ్చు. సాయంత్రం ఇంట్లో 11.8 వచ్చింది, పొద్దున కేంద్రంలో 12.6 అన్నారు, మోసం చేశారని వచ్చే ఫిర్యాదులలో కొన్నింటికి కారణం ఇదే. సంచి నోటి దగ్గరి గింజ కాకుండా మధ్య నుంచి, కనీసం మూడు నాలుగు సంచుల నుంచి తీసి, కలిపి, చల్లారాక మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

అడ్తి_లెక్కలు (ఆదిలాబాద్) | నవంబరు 12, మధ్యాహ్నం 1:15

వ్యాపారం చేసేవాడిగా ఒక మాట చెబుతాను, రైతు సోదరులు అపార్థం చేసుకోవద్దు. మద్దతు ధర కొనుగోలులో తేమ పరిమితి 12 శాతం. కానీ నూనె తీసే ప్లాంట్లు మాకు చెప్పే ధరకు ఆధారం చాలాచోట్ల 10 శాతం. తేమతో పాటు చెత్తకూ, దెబ్బతిన్న గింజకూ అక్కడ హద్దులు ఉంటాయి. అంతకు మించితే అక్కడ కోత పడుతుంది. ప్లాంటు ధర క్వింటాలుకు 4,500 అని రైతు ఫోనులో చూసి, నేను 4,400 ఇస్తానంటే వంద రూపాయలు తిన్నానంటాడు. 12 శాతం ఉన్న క్వింటాలు 10 శాతానికి వచ్చేసరికి 97.78 కిలోలే మిగులుతుంది. దాని విలువ 4,500 చొప్పున సరిగ్గా 4,400. ఇందులో నా లాభం ఇంకా మొదలే కాలేదు. హమాలీ, లారీ కిరాయి, దారిలో తరుగు అన్నీ ఆ తర్వాతే.

తూనికరాయి | నవంబరు 12, మధ్యాహ్నం 2:50

ఈ లెక్క సరైనదే, ఒప్పుకుంటాను. కానీ అన్ని దుకాణాలలో ఇంత నిక్కచ్చిగా జరగదు. నా సొంత అనుభవం చెబుతాను, దుకాణం పేరు అనవసరం. కొన్నేళ్ల కిందట 15 శాతం తేమ ఉన్న 10 క్వింటాళ్లు తీసుకెళ్లాను. ఒప్పుకున్న ధర 12 శాతానికి 4,300. తేమ మూడు పాయింట్లు ఎక్కువ ఉందని క్వింటాలుకు మూడు కిలోల చొప్పున కడ్త (బరువులో కోత) తీసి 9.70 క్వింటాళ్లుగా రాశారు. అంతవరకు నాకు కొంచెం లాభమే, ఎందుకంటే సరైన లెక్కలో అది 9.66 కావాలి. కానీ ఆ తర్వాత సరుకు పచ్చిగా ఉందని ధరలో కూడా 150 తగ్గించారు. చేతికి వచ్చింది 40,255. తేమకు ఒక్కసారే కోత పెట్టి ఉంటే 41,534 రావాలి. ఒకే నీటికి రెండుసార్లు కోత పడి దాదాపు 1,280 రూపాయలు పోయాయి. తక్‌పట్టీలో (దుకాణం ఇచ్చే అమ్మకం చీటీలో) ఈ రెండు కోతలు వేర్వేరు వరుసలలో ఉండడం వల్ల ఇంటికి వెళ్లి కూర్చుని లెక్కేసేదాకా నాకు తట్టలేదు.

అడ్తి_లెక్కలు | నవంబరు 12, సాయంత్రం 5:30

రెండు కోతలూ ఒకే నీటికి అయితే అది తప్పే, దాన్ని సమర్థించను. అయితే 15 శాతం సరుకును కొన్నవాడు దాన్ని తన స్థలంలో, తన కూలీలతో ఎండబెట్టాలి. ఎండబెట్టేలోపు వాన వస్తే రంగు చెడుతుంది. ఆ ఖర్చునూ ఆ పూచీనీ ధరలో అడగడం న్యాయమే. న్యాయం కానిది ఏమిటంటే, ఆ ఖర్చు ఎంతో ముందుగా చెప్పకుండా ‘తేమ’ అన్న పేరు కింద దాచడం. మీరు బేరం చేసేటప్పుడే ‘కోత బరువులోనా, ధరలోనా, ఎండబెట్టే ఖర్చు ఎంత’ అని అడిగి పెట్టుకోండి. అలా అడిగే రైతులు నూటికి పది మంది కూడా ఉండరు.

భైంసా_కోడలు | నవంబరు 12, రాత్రి 8:20

తేమ గురించి ఇంత చర్చ జరుగుతోంది కానీ, కాంటా దాకా రాని గింజ గురించి ఎవరూ మాట్లాడడం లేదు. మా చేనులో ఈసారి కోత వారం ఆలస్యమైంది, కూలీలు పత్తి ఏరడానికి వెళ్లిపోయారు. ఎండకు కాయ ఎండిపోయి, రాత్రి మంచుకు తడిసి, మళ్లీ ఎండకు ఎండి, కొడవలి తగలగానే చిటపటమని పగిలింది. కోత అయిపోయాక నేల మీద చూస్తే గింజ చల్లినట్టే ఉంది. ఆ నష్టాన్ని లెక్కకట్టే పద్ధతి ఎవరైనా చెప్పగలరా?

చేను_చదువు (కామారెడ్డి) | నవంబరు 13, ఉదయం 7:45

అక్కా, దానికి సులువైన పద్ధతి ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉండేలా నాలుగు పుల్లలు కట్టి చట్రం చేసుకోండి. చేనులో పదిచోట్ల, గట్టు పక్కనా మధ్యలోనా కూడా, ఆ చట్రం పడేసి లోపల రాలిన గింజలను, మోడుకు అంటుకుని మిగిలిన కాయలలోని గింజలను కలిపి లెక్కపెట్టి సగటు తీయండి. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. మన రకాలలో నూరు గింజల బరువు సుమారు 12 గ్రాములు అనుకుంటే, చదరపు అడుగుకు పది గింజలు రాలినా ఎకరానికి 52 కిలోలు నేలపాలైనట్టు. పది గింజలు అంటే కంటికి ఏమీ కనబడవు. అందుకే ఈ నష్టాన్ని మనం నష్టంగానే గుర్తించం, సంచి దగ్గర పోయిన కిలో కోసం మాత్రం కేంద్రంలో గొడవపడతాం.

ఆకు రాలి, కాయలు గోధుమ రంగుకు తిరిగి, గింజ తేమ 15 నుంచి 17 మధ్య ఉన్నప్పుడు కోయడం మంచిది. గింజ 12కో 11కో ఎండేదాకా చేనులోనే నిలబెడితే ఎండబెట్టే కూలి మిగులుతుంది కానీ, అంతకంటే ఎక్కువ నేల తినేస్తుంది. మంచు ఇంకా ఆరని ఉదయం పూట కోస్తే కాయ పగలడం తగ్గుతుంది. కిందివైపు కాయలు వదిలిపోకుండా కొడవలిని నేలకు దగ్గరగా పట్టించాలి. హార్వెస్టరు అయితే దాని కట్టరును ఎంత కిందికి దించారో దిగి చూడాలి.

కోసి కుప్ప వేశాక 13, 14 దగ్గర నూర్చండి. సోయా గింజ పొట్టు పల్చన. గింజ బాగా ఎండిపోయాక డ్రమ్మును వేగంగా తిప్పితే రెండు బద్దలుగా చీలిపోతుంది. నిమిషానికి 350 నుంచి 400 చుట్లు చాలంటారు, కానీ అదే యంత్రంతో అంతకుముందు వేరే పంట నూర్చిన డ్రైవరు వేగం తగ్గించకుండానే సోయా వేస్తాడు. పక్కన నిలబడి తగ్గించమని చెప్పవలసింది మనమే.

ఓవెన్_లెక్క | నవంబరు 13, ఉదయం 10:20

బద్దల విషయంలో ఒక సూక్ష్మం ఉంది. గింజ రెండుగా చీలితే బరువు ఏమీ తగ్గదు. మద్దతు ధర ప్రమాణాలలో బద్దలు 15 శాతం దాకా అనుమతిస్తారు, చెత్త 2 శాతం, పచ్చి, ముడత గింజలు 5 శాతం, దెబ్బతిన్నవి 3 శాతం. కాబట్టి కాగితం మీద బద్దల వల్ల నష్టం లేనట్టే కనిపిస్తుంది. కానీ జల్లెడ కన్నాలకు ఈ ప్రమాణాలు తెలియవు, చిన్న బద్దలు మట్టితో పాటే కిందికి పోతాయి. పెన్‌గంగ ఒడ్డు గారి 34 కిలోలలో సగానికి పైగా బద్దలు, పచ్చి గింజలే అన్నారంటే, అనుమతించిన హద్దులోనే ఉన్న, అమ్ముకోదగిన గింజ కూడా కొంత జల్లెడ కింద పడిపోయి ఉంటుంది. జల్లెడ కింది సరుకును ఇంకొకసారి చిన్న కన్నాల జల్లెడతో పట్టి చూడండి.

మాల్వా_నుంచి (ఇందౌర్) | నవంబరు 13, మధ్యాహ్నం 12:40

ఉద్యోగరీత్యా పదేళ్లుగా ఇక్కడ ఉంటున్న కామారెడ్డి వాడిని. సోయాకు పెట్టింది పేరు ఈ మాల్వా ప్రాంతం, ఇక్కడి మండీలలోనూ ఇదే వాదన. ఒక ప్రశ్న. పెన్‌గంగ ఒడ్డు గారు 11.4కు ఎండబెట్టి అమ్మారు కదా. పరిమితి 12 అయినప్పుడు అంతకంటే ఎక్కువ ఎండబెట్టినందుకు ఎవరైనా అదనంగా పైసా ఇచ్చారా?

తూనికరాయి | నవంబరు 13, మధ్యాహ్నం 1:30

ఇవ్వరు. అదే పొడి పదార్థం 12 శాతం దగ్గర అమ్మి ఉంటే 37.70కి బదులు 37.95 క్వింటాళ్లు తూగేది. 26 కిలోలకు దగ్గర, అంటే 1,370 రూపాయల నీటిని ఎండకు ఇచ్చేశారు. అలా అని సరిగ్గా 12.0 దగ్గర ఆపండి అని చెప్పను, ఎందుకంటే కేంద్రం మీటరు 12.3 చూపిస్తే మళ్లీ సంచులు విప్పి, పరిచి, ఎత్తి, రెండోసారి హమాలీ ఇవ్వాలి. నా దృష్టిలో 11.7, 11.8 దగ్గర ఆపితే చాలు. 9కో 10కో తీసుకెళ్లేవారు మాత్రం నిజంగా నష్టపోతున్నారు. 9 శాతం ఉన్న క్వింటాలు 12 శాతం దగ్గర 103.4 కిలోలు.

మాల్వా_నుంచి | నవంబరు 13, మధ్యాహ్నం 2:05

అయితే ఎక్కువ ఎండిన గింజను రాత్రిపూట ఆరుబయట పరిచి, గాలిలోని తేమను పట్టనిచ్చి, 12 దగ్గరికి తేవచ్చా? ఇక్కడ కొందరు అలా చేస్తారని విన్నాను.

ఓవెన్_లెక్క | నవంబరు 13, సాయంత్రం 4:00

గింజ గాలితో ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ 70 శాతం ఉన్నచోట చాలా రోజులు ఉంచితే సోయా సుమారు 12 దగ్గర స్థిరపడుతుంది, గాలి తేమ 50కి పడిపోతే 8, 9 దాకా దిగుతుంది. అదే గాలిలో వరి గింజ సోయా కంటే ఎక్కువ తేమ దగ్గర నిలుస్తుంది, ఎందుకంటే సోయాలో దాదాపు అయిదో వంతు నూనె, నూనె నీటిని పట్టుకోదు. వడ్లకు అలవాటైన అంకెలతో సోయాను నిల్వ చేయకూడదని చెప్పడానికి కారణం కూడా అదే.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఒక్క రాత్రిలో పైపొర మాత్రమే తేమ పట్టుతుంది, కిందిది అలాగే ఉంటుంది. మంచు నేరుగా పడితే పొట్టు ఉబ్బి ముడతపడుతుంది, మర్నాడు ఎండకు పగులుతుంది, బద్దలు పెరుగుతాయి. తడిసినదీ ఎండినదీ కలిపి సంచి కడితే సగటు 12 చూపినా తడి ఉన్నచోట బూజు పడుతుంది. ఇక నీళ్లు చిలకరించడం గురించి అయితే, అది మోసం కావడమే కాకుండా కొన్నవాడి గోదాములో మరునాటికే వాసన రూపంలో బయటపడుతుంది.

భైంసా_కోడలు | నవంబరు 13, రాత్రి 7:50

బూజు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ల కిందట వాన పడుతుందని కోసిన పైరును కుప్ప వేసి, టార్పాలిన్ గట్టిగా కప్పి, నాలుగు రోజులు విప్పలేదు. విప్పేసరికి లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. గింజ తూకం పెద్దగా తగ్గలేదు కానీ రంగు మాసి, నల్ల మచ్చలు వచ్చాయి. దెబ్బతిన్న గింజ 3 శాతం దాటిందని సరుకు మొత్తం వెనక్కి పంపారు. చివరికి బయట వచ్చినకాడికి అమ్ముకున్నాం. 20 క్వింటాళ్లు కాంటా మీద 20 క్వింటాళ్లే తూగింది, కానీ వచ్చిన డబ్బు 15 క్వింటాళ్లకు వచ్చేంతే. తూకంలో కనబడని తరుగు ఇది. వాన ఆగగానే టార్పాలిన్ తీసి గాలి ఆడనివ్వండి, కుప్ప కింద కట్టెలు వేసి నేలకు ఎత్తుగా పెట్టండి.

చేను_చదువు | నవంబరు 13, రాత్రి 9:00

ఇటువంటి వానల ఏడాదులలోనే పరిమితి సడలింపు అవసరమవుతుంది. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ సీజనుకు సోయా తేమ పరిమితిని 12 నుంచి 15 శాతానికి పెంచింది, అదనపు తేమ వల్ల వచ్చే ఖర్చునూ నష్టాన్నీ రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలని చెప్పింది. అప్పటి మద్దతు ధర 4,892. 15 శాతం ఉన్న క్వింటాలు 12కు వచ్చేసరికి 3.41 కిలోలు తగ్గుతుంది కాబట్టి, క్వింటాలుకు దాదాపు 167 రూపాయల నీటికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. సడలింపు వల్ల ఆ నీరు మాయం కాలేదు, దాని బిల్లు రైతు దగ్గరి నుంచి ఖజానాకు మారింది, అంతే.

అడ్తి_లెక్కలు | నవంబరు 14, ఉదయం 8:15

పెన్‌గంగ ఒడ్డు గారూ, మీ 48 కిలోల దగ్గరికి మళ్లీ వస్తాను. నేల మీద చిందింది, టార్పాలిన్ మడతలలో ఉండిపోయింది, కోళ్లు తిన్నది, సంచి కన్నాల నుంచి కారింది అన్నీ కలిపినా ఇంటి నుంచి కేంద్రం దాకా నూటికి అర కిలోకు మించకూడదు. 40 క్వింటాళ్లకు అది 20 కిలోలు. మీకు నూటికి 1.2 కిలోలు పోయింది. కాబట్టి నాకు కాంటా దగ్గరే అనుమానం. కేంద్రంలో ఒక్కో సంచికి ముల్లు ఎంత దగ్గర ఆపారు, రసీదులో ఎంత రాశారు, గుర్తుందా?

పెన్‌గంగ_ఒడ్డు | నవంబరు 14, మధ్యాహ్నం 12:10

మీరు అడిగాక మా తమ్ముణ్ణి అడిగాను, కాంటా దగ్గర నిలబడింది వాడే. ప్రతి సంచినీ 51 కిలోల దగ్గర ఆపి, 50 అని రాశారట. గోనె సంచి బరువు అనుకుని వాడు మాట్లాడలేదట. 73 నిండు సంచులు, చివర 30 కిలోల చిల్లర, మొత్తం 36.80.

తూనికరాయి | నవంబరు 14, మధ్యాహ్నం 12:45

50 కిలోల కొత్త గోనె సంచి ప్రామాణిక బరువు 580 గ్రాములు. అంటే ముల్లు 50.580 దగ్గర ఆగాలి. సంచికి 420 గ్రాములు అదనంగా వెళ్లింది. 73 సంచులకు దాదాపు 31 కిలోలు, ఈ ఏటి ధరకు 1,650 రూపాయలు. 48లో నుంచి 31 తీసేస్తే మిగిలింది 17 కిలోలు, అంటే నూటికి అర కిలో లోపే. అది మామూలు చిందులాట కింద పోతుంది. మీ 320 కిలోలూ దొరికినట్టే: నీరు 230, చెత్త 34, యూరియా సంచులు 8, కాంటా 31, చిల్లర తరుగు 17.

భైంసా_కోడలు | నవంబరు 14, మధ్యాహ్నం 1:20

మిగిలిన వాటన్నిటికీ కారణం ఎండో గాలో అనుకోవచ్చు. ఆ 31 కిలోలు మాత్రం మనిషి తీసుకున్నది.

అడ్తి_లెక్కలు | నవంబరు 14, మధ్యాహ్నం 3:00

తీసుకున్న మనిషి వైపు మాట కూడా చెబుతాను. కేంద్రంలో తూచిన సరుకు గోదాముకు చేరేదాకా లారీ కోసం ఎదురుచూస్తూ అయిదారు రోజులు ఎండలో ఉంటుంది. 12 దగ్గర తీసుకున్నది 11.5కు దిగితే, ఏమీ చిందకపోయినా క్వింటాలుకు అర కిలో పైనే తగ్గుతుంది. కొక్కేలతో సంచులు ఎత్తితే కన్నాలు పడతాయి. గోదాములో తూకం తక్కువ వస్తే ఆ లోటును కేంద్రం నడిపేవారి కమిషను నుంచి కోస్తారన్న భయం ఉంటుంది. అందుకని ముందే రైతు దగ్గర సంచికి నాలుగు వందల గ్రాములు పక్కన పెట్టుకుంటారు. రవాణా తరుగు ఎవరి లెక్కలో పడాలో పైన తేల్చకపోతే, అది చివరికి కాంటా దగ్గర నోరు లేనివాడి మీద పడుతుంది. ఇలా జరుగుతుందని చెబుతున్నానే తప్ప సరైనదని అనడం లేదు.

పెన్‌గంగ_ఒడ్డు | నవంబరు 21, రాత్రి 8:15

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. రెండో చేను సరుకు నిన్న అమ్మాను. ఈసారి మీరందరూ చెప్పినట్టు ముందే జల్లెడ పట్టి, ఖాళీ సంచుల బరువు తీసేసి తూచాను: 13.6 తేమ దగ్గర 12.30 క్వింటాళ్లు. ఒకటిన్నర రోజులు ఎండబెట్టి, రాత్రి కుప్ప చేసి, తెల్లారి చల్లారాక మూడుసార్లు కొలిస్తే సగటు 11.9 వచ్చింది. 86.4తో గుణించి 88.1తో భాగిస్తే 12.06 రావాలని ముందే చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

కాంటా దగ్గర ఈసారి నేనే నిలబడ్డాను. ముల్లు 51 దగ్గర ఆపబోతుంటే ఒక ఖాళీ గోనె సంచిని కాంటా మీద పెట్టించి దాని బరువు చూపించాను. తూచే అబ్బాయి కొంత గొణిగి, దారిలో తరిగితే మా మీద పడుతుందని అడ్తి లెక్కలు గారు చెప్పిన మాటే చెప్పి, చివరికి 50.600కు ఒప్పుకున్నాడు. 24 సంచులు, రసీదులో 12.00 క్వింటాళ్లు. సంచి అడుగున మిగిలిన నాలుగు కిలోలు ఇంటికి తెచ్చాను. రెండు కిలోలు లెక్కకు రాలేదు, వాటిని వెతకడం మానేశాను.

ఓవెన్ లెక్క గారు చెప్పినట్టు మొదటి చేను చెత్తను చిన్న జల్లెడతో మళ్లీ పడితే 11 కిలోల బద్దలు శుభ్రంగా దిగాయి. వాటిని విడిగా అమ్మాలా, మిగిలిన ఆ నాలుగు కిలోలలో కలపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

చేను_చదువు | నవంబరు 21, రాత్రి 9:05

నాలుగు కిలోలలో పదకొండు కిలోల బద్దలు కలిపితే బద్దల శాతం పదిహేను కాదు, డెబ్బై దాటుతుంది అన్నా. విడిగానే అమ్మండి.